నాలుగో చక్రం ఒరెస్తె

ఒరెస్తె జోబ్బియో ముప్పై ఒక్కేళ్లలో ఒక్క కుళాయిని కూడా తట్టి వినకుండా పెట్టెలో వెయ్యలేదు. చక్రం మీద మెరుగు పెట్టడం అయ్యాక ముక్కని బల్ల ఇనప కాలికి రెండుసార్లు తట్టేవాడు. తల కొంచెం ఎడమకి వంచేవాడు. కంగుమని మోగి ఆ మోత కాసేపు గాల్లో నిలిస్తే కుడివైపు పెట్టెలోకి. గొంతు నొక్కినట్టు మధ్యలో ఆగిపోతే ఎడమవైపు పెట్టెలోకి, అక్కణ్ణుంచి మళ్లీ కొలిమిలోకి. పోత పోసేటప్పుడు లోపల గాలిబుడగ చిక్కుకున్న ఇత్తడి పైకి ఎంత మెరిసినా అలాగే మోగుతుంది. అది కంటికి కనబడదు. క్రోమ్ పూత వేశాక అసలే కనబడదు. ఎవరింట్లోనో గోడకి బిగించిన ఏడాదికి, నీళ్లు నేల మీదికి వచ్చినప్పుడు కనబడుతుంది.

పదకొండు చక్రాలు ఒక్కసారి తిరిగే ఆ హాల్లో పక్కవాడి కేక కూడా వినబడేది కాదు. అందులో అతనికి ఆ మోత ఎలా వినబడేదో ఎవరికీ తెలియదు. సంత గోలలో సొంత పిల్ల ఏడుపు తల్లికి వినబడినట్టు వినబడేది, అంతే. మిగతావాళ్లు కూడా తట్టేవాళ్లు, కానీ అనుమానం వస్తే నాలుగో చక్రం దగ్గరికి మోసుకెళ్లేవాళ్లు. చక్రానికి రాకముందు ఒరెస్తె ఎనిమిదేళ్లు పోతశాలలో కరిగిన ఇత్తడి పోశాడు. బుడగ ఎప్పుడు పుడుతుందో దగ్గరుండి చూసినవాడు.

సెర్గా లోయలో మెరుగు పనివాణ్ణి గుర్తుపట్టడానికి ఎవరూ మొహం చూడరు. గోళ్ల చుట్టూ నల్లటి గీత, చొక్కా కాలరు లోపల ఆకుపచ్చ చెమట మరక, మధ్యాహ్నం పాలసీసా. దుమ్ము గుండెల్లోంచి దిగిపోతుందని ఫ్యాక్టరీ రోజుకి అరలీటరు పాలిచ్చేది. దిగదని డాక్టరు చెప్పాడు. అయినా ఒరెస్తె రేకు గ్లాసులో పోసుకుని నిలబడే తాగేవాడు. కుడిచేతి ఉంగరపు వేలు చివరి కణుపు ఇరవై తొమ్మిదో ఏట చక్రానికి పోయింది. అప్పటినుంచి ముక్కని పట్టుకోవడంలో ఒక చిన్న వాలు వచ్చింది. మణికట్టు లోపలికి తిరిగేది. దాని వల్లే కుళాయి మెడ దగ్గర అతని మెరుగు ఎవరికీ రాదని బట్టిస్తా అనేవాడు.

బట్టిస్తా పింతోస్సి ఐదో చక్రం. నోరు ఊరుకోని మనిషి.

ఒక సెప్టెంబరులో ఫ్యాక్టరీ గుమ్మానికి నీలం బోర్డు వచ్చింది, చుట్టూ పసుపు నక్షత్రాలు. ఐరోపా పరిశ్రమ భవిష్యత్తు కోసం బ్రసెల్స్ సాయంతో చేస్తున్న పని అని రాసుంది. "మనిషిని మధ్యలో నిలబెట్టే పరిశ్రమ" అని కింద ఇంకో వాక్యం. యజమాని జనోల్లి, తండ్రి పోయాక వచ్చిన ముప్పై నాలుగేళ్లవాడు, ట్యురిన్ నుంచి ఇంజనీరు చెలెస్తె రవేరాని వెంటబెట్టుకుని నాలుగో చక్రం దగ్గరికి వచ్చాడు. ఆవిడ చేతిలో ఒక గ్లౌజు. వేళ్ల మీదంతా సన్నటి తీగలు.

"ఆరు వారాలు ఇది తొడుక్కుని మామూలుగా పనిచేస్తే చాలు, ఒరెస్తె గారూ," అంది రవేరా. "మీ చెయ్యి ఎలా కదిలితే అలా యంత్రం నేర్చుకుంటుంది."

"నేర్చుకుని?"

"మోటు పని అది చేస్తుంది," అన్నాడు జనోల్లి. "ఆఖరి మెరుగు మనుషులదే. నీ చక్రం నీదే. పింఛను దాకా."

పింఛనుకి నాలుగేళ్లుంది. ఒరెస్తెకి కావలసింది ఆ నాలుగేళ్లూ ఆ చక్రం దగ్గర నిలబడడం, అంతే. కిటికీ పక్కన, ఉదయం ఎండ చేతిలోని ముక్క మీద పడే చోట. జనోల్లి చెయ్యి చాచాడు, ఒరెస్తె పట్టుకున్నాడు. ఆ లోయలో చెయ్యి కలిపితే కాగితం అడగరు. అడిగితే అవమానం. ఆ పెద్దమనిషితనం ఒకవైపే మిగిలిందని ఒరెస్తెకి అప్పటికి తెలియదు.

"నువ్వు ఒప్పుకున్నావా?" బట్టిస్తా పాలు తాగుతూ మండిపడ్డాడు. "మన మెడకి మన చేత్తోనే తాడు పేనిస్తున్నారు కదరా!"

"మోటు పనికే అన్నాడు."

"వాళ్ల నాన్న అనుంటే నమ్మేవాణ్ణి. సరే, తొడుక్కో. తొడుక్కుని దానికి చెత్తపని నేర్పు. మెడ దగ్గర గట్టిగా నొక్కు. అంచులు చక్రానికి తినిపించు. ఆరు వారాలయ్యాక అది కుళాయిలు చేస్తుందో వంకాయలు చేస్తుందో చూద్దాం."

ఒరెస్తె నవ్వలేదు. కానీ సోమవారం గ్లౌజు తొడుక్కుని, మొదటి ముక్కని మెడ దగ్గర కావాలనే నొక్కాడు. చక్రం అక్కడ ఒక చదును కొరికింది, గోరంత. ఎండలో అది మొహం మీద చరిచినట్టు కనబడింది. దొంగతనం చేసినవాడిలా చుట్టూ చూశాడు. పెట్టెలో వెయ్యబోయాడు, చెయ్యి రాలేదు. మళ్లీ చక్రానికి పెట్టి, మణికట్టు తిప్పి, ఆ చదునుని రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం కరిగించి మెడని మళ్లీ మెడ చేశాడు. ఆ తర్వాత ఆరు వారాల్లో ఒక్క ముక్క పాడు చెయ్యలేకపోయాడు. ప్రయత్నించిన ప్రతిసారీ దిద్దాడు.

రవేరా గ్లౌజు రికార్డులు తెర మీద చూసి చప్పట్లు కొట్టింది. "తప్పు చేస్తే ఎలా దిద్దాలో కూడా చూపించారు! ఇది మేం అడగను కూడా లేదు!"

బట్టిస్తా తల పట్టుకున్నాడు. "ఇంతకన్నా నువ్వు దాన్ని దత్తత తీసుకో, బాగుంటుంది."

జనవరిలో యంత్రం వచ్చింది. ఒక్కటే చెయ్యి, భుజం నుంచి. చుట్టూ ఎత్తైన కంచె, తలుపు తీస్తే ఆగిపోయే తాళం. 'సోచో' అని పేరు పెట్టారు, భాగస్వామి అని. "మనిషిని మధ్యలో నిలబెడతామన్నారు," అన్నాడు బట్టిస్తా. "మధ్యలో అది నిలబడింది, కంచె బయట మనం నిలబడ్డాం." హాల్లో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు. కొత్తల్లుడు అనేవాళ్లు. వచ్చాడు, మంచి గదిలో కూర్చున్నాడు, అందరూ వాడి చుట్టూ తిరగాలి.

దాన్ని నడిపించిన మొదటిరోజు అందరూ కంచె దగ్గర చేరారు. చెయ్యి ముక్కని అందుకుంది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఇనప మణికట్టు లోపలికి వాలింది.

"ఒరేయ్," అన్నాడు బట్టిస్తా నెమ్మదిగా, "దీనికి కూడా వేలు తెగిందిరా."

ఎవరో నవ్వారు. ఒరెస్తె కుడిచేతిని జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి పని ముగించింది. ముక్కని పక్కనున్న ఇనప కడ్డీకి రెండుసార్లు తట్టింది. కుడివైపు పెట్టెలో వేసింది. ఇంకోటి అందుకుంది. తట్టింది, కుడివైపు వేసింది. ఇంకోటి. అన్నీ కుడివైపే. దానికి ఎడమవైపు పెట్టే లేదు. గ్లౌజుకి తట్టడం అందింది. ఎందుకు తడతారో గ్లౌజుకి ఎలా అందుతుంది?

ఆ వసంతంలో ఫ్యాక్టరీవాళ్లు కొత్త యంత్రం గురించి ఒక పుస్తకం అచ్చు వేశారు, నున్నటి కాగితం మీద. అట్ట మీద ఒరెస్తె చెయ్యి, గ్లౌజులో. మొహం లేదు, పేరు లేదు. అతని భార్య పాల్మీరా కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇది నీ చెయ్యి కాదయ్యా," అంది. బొమ్మలో ఉంగరపు వేలు చివరిదాకా నిండుగా ఉంది. బాగుండదని ఎవరో నింపేశారు.

ఏప్రిల్లో మూడు చక్రాలు ఊడదీశారు. జూన్లో ఐదు. బట్టిస్తాకి బళ్లు తోసే పని ఇచ్చారు. ఒరెస్తె జనోల్లి గదికి వెళ్లాడు.

"మాటిచ్చారు కదా."

"ఇచ్చాను. అప్పటికి అది ఇంత బాగా చేస్తుందని నాకేం తెలుసు? నువ్వే కదా నేర్పింది," అన్నాడు జనోల్లి, మెచ్చుకుంటున్నట్టు. ఆగస్టు సెలవులకి ముందురోజు నాలుగో చక్రం కూడా ఊడింది. నేల మీద నాలుగు బోల్టు కన్నాలు మిగిలాయి. ఒరెస్తెని కంచె బయట తెర ముందు కూర్చోబెట్టారు. ఆకుపచ్చ బొత్తాం వెలిగితే నొక్కాలి. ఎప్పుడూ అదే వెలిగేది.

అక్టోబరులో ఆస్ట్రియా నుంచి కుళాయిలు తిరిగొచ్చాయి. ఒక పెద్ద హోటల్లో మూడంతస్తులు తడిశాయి. కోసి చూస్తే లోపల బుడగలు. ఆ శనివారమంతా రవేరా పాత రికార్డులు చూస్తూ కూర్చుని, తట్టిన తర్వాత ఒరెస్తె చెయ్యి కొన్నిసార్లు ఎడమవైపు ఎందుకు వెళ్లిందో ఆలోచించింది. ఆ ముక్కల్ని లెక్కలోకి రాని పొరపాట్లనుకుని మొదట్లోనే తీసేసింది ఆవిడే.

ఆదివారం పదకొండింటికి రవేరా, జనోల్లి ఇద్దరూ ఒరెస్తె ఇంటికి వచ్చారు. పెరట్లో ఊచల మాంసం కాలుతోంది. పంది మాంసం, కోడి, మధ్యమధ్య ఆలుగడ్డ ముక్కలు, సేజ్ అనే ఘాటు వాసన ఆకులు. ఆరుగంటలు నిప్పుల ముందు తిరగాలి. బట్టిస్తా అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఊచలు మోటారు తిప్పుతోంది.

"ఇంట్లో మాత్రం మోటారు పెట్టుకున్నావు చూశావా," బట్టిస్తా ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"అది తిప్పుతుంది. ఉప్పెప్పుడో అది చెప్పదు," ఒరెస్తె కూడా ఎప్పుడూ అనే మాటే అన్నాడు. అప్పుడు గుమ్మంలో జనోల్లిని చూశాడు.

రవేరా తిన్నగా విషయానికి వచ్చింది. "ఒరెస్తె గారూ, మీరు తట్టి వినేవారు కదా. కడ్డీ దగ్గర మైకు పెడతాం. రెండువేల ముక్కలు. ఒక్కోటీ మోగినప్పుడు మంచిదో కాదో మీరు చెప్పండి చాలు. మిగతాది అది పట్టుకుంటుంది."

"నీ చక్రం మళ్లీ బిగిస్తాం," అన్నాడు జనోల్లి. "అక్కడే, కిటికీ దగ్గర. ఈసారి కాగితం మీద రాసిస్తాను. మూడేళ్లూ నువ్వే."

పాల్మీరా చేతిలో వెన్న గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన ఉదయం లేచి ఎండ ఎటు పడుతోందో చూసి మళ్లీ మంచం మీద కూర్చుండిపోవడం ఆవిడ ఎండాకాలం నుంచీ చూస్తోంది.

"మూడేళ్లయ్యాక?" అన్నాడు ఒరెస్తె.

"మీరు విశ్రాంతి తీసుకుంటారు."

"నా సంగతి కాదమ్మా ఇంజనీరమ్మా. దాని సంగతి."

రవేరా అబద్ధం ఆడలేదు. "అది వింటుంది," అంది.

ఒరెస్తె లేచి ఊచల దగ్గరికి వెళ్లాడు. కారుతున్న కొవ్వు రంగు చూశాడు. గుప్పెటతో ఉప్పు తీసి, వేళ్లు కదుపుతూ మాంసం మీద వర్షంలా రాల్చాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"తట్టడం ఒట్టి అలవాటు. మా నాన్న మాటకి ముందు ముక్కు గోక్కునేవాడు. నేను తట్టేవాణ్ణి. అందులో వినేదేం లేదు."

బట్టిస్తా కళ్లు దించుకున్నాడు. ఒరెస్తె అబద్ధం చెప్పడం అతను వినడం అదే మొదలు.

"మరి ఎడమవైపు వేసినవి?" అంది రవేరా.

"చెయ్యి తప్పింది. పెద్దవాణ్ణయ్యాను కదా."

"పోతశాలలో ఎనిమిదేళ్లు చేసిన మనిషివి, ఇలా మాట్లాడతావేంటి!" జనోల్లి గొంతు పెరిగింది. "ఫ్యాక్టరీ మూతపడితే నీకేం వస్తుంది?"

"నా చక్రం మూతపడితే మీకేం వచ్చిందో అదే."

నిప్పుల మీద మాంసం ఉండగా ఇంటికి వచ్చినవాళ్లని పంపించడం ఆ లోయలో లేదు. కూర్చోమన్నాడు. ఇద్దరూ కూర్చోక తప్పలేదు. పాల్మీరా రాగిగిన్నెలోంచి పొలెంటా అనే మొక్కజొన్న సంకటి చెక్కపలక మీద బోర్లించి దారంతో కోసింది. ఒరెస్తె అన్నిటికన్నా బాగా కాలిన ముక్కలు ఏరి జనోల్లి పళ్లెంలో వేశాడు. తిన్నంతసేపూ మోటారు చప్పుడే వినబడింది.

వాళ్లు వెళ్లాక పాల్మీరా అంది, "చక్రం వచ్చేది కదయ్యా."

"వచ్చేది," అన్నాడు.

మర్నాటి నుంచి అతన్ని ఇంట్లోనే ఉండమన్నారు. ఆ శీతాకాలం దగ్గు మొదలైంది, పాలు ఏమీ చెయ్యలేకపోయాయి. పింఛను మొదటి కాగితం రావడానికి దాదాపు రెండేళ్ల ముందే, ఒక నవంబరులో, పోయాడు.

దానికి ముందు, చివరి వేసవిలో, ఒకసారి ఫ్యాక్టరీకి వెళ్లాడు. అలమరలో మిగిలిపోయిన రేకు గ్లాసు తెచ్చుకోవడానికి. బట్టిస్తా తోస్తున్న బండి ఆపి తోడు వచ్చాడు. హాల్లో ఇప్పుడు మనుషుల సందడి లేదు, కంచెల్లో ఆరు చేతులు. ఆరింటికీ మణికట్టు ఒకే చోట లోపలికి వాలుతోంది. తట్టడం తీసేద్దామనుకున్నారట గానీ, తీస్తే ఇంకేం చెడుతుందో అని భయపడి వదిలేశారట. వినే యంత్రం వేరేది వస్తుందని చెప్పుకుంటున్నారు, ఇంకా రాలేదు.

ఒరెస్తె గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగాడు. దగ్గరి చెయ్యి ఒక ముక్కని తట్టింది, కుడివైపు వేసింది. ఇంకోటి తట్టింది, వేసింది. మూడోదాన్ని తట్టినప్పుడు అతని తల కొంచెం ఎడమకి వంగింది.

బట్టిస్తా చూశాడు. "అదేనా?"

చెయ్యి ఆ ముక్కని కూడా కుడివైపు పెట్టెలో, మిగతావాటి పక్కన, జాగ్రత్తగా పెట్టింది.

"చెప్పరా. తీసి పక్కన పెడతాను. ఎవరి ఇల్లో మునుగుతుంది."

ఒరెస్తె అరచేతిలో గ్లాసుని తిప్పాడు. మెట్లెక్కి వచ్చినందుకు ఊపిరి ఇంకా అందడం లేదు. నిజంగానే చెప్పబోతున్నాడని బట్టిస్తా అనుకున్నాడు. ఆ ముక్కని తీసేందుకు కంచె తలుపు వైపు ఒక అడుగు కూడా వేశాడు.

"తలుపు తీస్తే ఆగిపోతుంది," అన్నాడు ఒరెస్తె. "నీ మీద కేకలేస్తారు. వద్దు."

"మరి ఆ కుళాయో?"

"నా చేత్తోనే కదా చేసింది. వాళ్లనే విననీ."

గ్లాసు కోటు జేబులో పెట్టుకుని బస్సు వైపు నడిచాడు. వెనక లోపల నాలుగోదాన్ని రెండుసార్లు తట్టిన మోత వినబడింది. అది మంచిదే.