రక్తం కనబడని దెబ్బ

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను పలాస వైపు హైవే మీదున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా నేను ఆపరేషన్లు చేసేదాన్ని కాను. ప్రభుత్వ వైద్యులం ఉద్యోగంలో చేరగానే మాకు దక్కే హోదా అది. నా పని క్యాజువాలిటీలో. ప్రమాదాలూ పాముకాట్లూ ముందుగా వచ్చే గది అది.

ఒక మధ్యాహ్నం కోటబొమ్మాళిలో పెళ్లి చూసుకొని వజ్రపుకొత్తూరు వైపు తిరిగి వెళ్తున్న కారు, అడ్డొచ్చిన గేదెను తప్పించబోయి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఎడమ తలుపు లోపలికి నొక్కుకుపోయింది. కారు వాళ్ల ఊరి పెద్దాయనది, నడిపింది ఆయన కొడుకు. నుదురు చిట్లి, చొక్కా తడిసిపోయి వచ్చాడు. చుట్టూ తండ్రితో పాటు పదిమంది. అతని నోటి నుంచి మందు వాసన వస్తోంది.

కారు ప్రయాణం పడదని ముందు సీట్లో, ఆ ఎడమ తలుపు పక్కన కూర్చున్న ఆవిడ పేరు నీలవేణి. భర్త ఎర్రయ్య ఆ పెద్దాయన బోటు మీదే వేటకు వెళ్తాడు. ఆమె తన కాళ్ల మీద తనే నడిచి వచ్చి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. దారిలో ఎవరో ప్రైవేటు ప్రాక్టీషనరు ఆమెకు నొప్పి తగ్గే సూది వేసి పంపాడట. వాళ్లది ఉద్దానం, అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి తెలియనివాళ్లు లేరు. అక్కడి మనిషికి రక్తపరీక్ష లేకుండా, కిడ్నీలకు చేటు చేసే ఆ సూది వేయడం ఒక తప్పు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడకుండా వేయడం అంతకన్నా పెద్ద తప్పు. నొప్పి అణిగినంత మాత్రాన లోపలి దెబ్బ అణగదు, మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

కుర్రాడికి కుట్లు వేయమని సిస్టరుకు చెప్పి ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏటీ లేదమ్మా. ఎడమ బుజం పీకేత్తంది, అంతే. దాహమేత్తంది, కాసిని నీల్లిప్పించండి," అంది.

నీళ్లు ఇవ్వనివ్వలేదు. ఆపరేషన్ అవసరం పడవచ్చనుకున్న మనిషికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. భుజం తిప్పి చూశాను. ఎటు తిప్పినా సులువుగా తిరుగుతోంది, నొక్కితే నొప్పి లేదు. నన్ను భయపెట్టింది అదే. ఎడమ డొక్కలో ప్లీహం చిట్లి రక్తం ఊరితే, అది పైనున్న పొరను తాకి, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. చీర పక్కకు జరిపితే పొట్ట మీద సీటు బెల్టు అచ్చు ఎర్రగా పడి ఉంది. ఎడమ పక్కటెముకల కింద వేలు పెట్టగానే ఆమె ముఖం ముడుచుకుంది. బీపీ ఇంకా బాగానే ఉంది. నాడి మాత్రం పరిగెడుతోంది, చేతులు చల్లగా చెమట పట్టాయి.

ప్రమాదంలో గాయపడి వచ్చిన వాళ్లందరినీ మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు చేయాలి. పెద్దాయనకు అది గిట్టలేదు.

"ఆ పిల్లకేటయిందమ్మా, రగతం సుక్కయినా రాలేదు కదా. గేసు పట్టుంతాది. మావోడికి కుట్లేసి పంపీండి, ఎలిపోతాం. కేసులెందుకు, అందరం మనోల్లమే."

కుదరదన్నాను. ఆయన ఎవరికో ఫోను కలిపి నా చేతికిచ్చాడు. అవతలి మనిషి నా పేరడిగాడు, సొంత ఊరడిగాడు, బదిలీ మాట ఎత్తాడు. నీలవేణి ఎలా ఉందని మాత్రం అడగలేదు. ఆ పెద్దాయన కూడా కొడుకు తలకు విశాఖలో స్కానింగ్ తీయించాలా అని నన్ను పదేపదే అడిగాడు. ఆమె వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వైద్యుల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని భర్త సంతకం చేస్తే మేము ఆపలేం. ఆ సంతకం కోసం పెద్దాయన ఎర్రయ్యను తొందరపెట్టాడు. ఎర్రయ్య భార్య దగ్గరికి వచ్చి, "ఎలిపోదామే, ఇంటికాడ పడుకుంటే తగ్గిపోద్ది," అన్నాడు. ఆమె లేవబోయింది. కళ్లు తిరిగి బెంచీ మీదే ఒరిగిపోయింది. మంచం మీదికి చేర్చాక కళ్లు తెరిచి, "నానెల్లను. నువ్వెల్తే ఎల్లు," అంది.

స్కానింగ్ మెషీన్ తెప్పించి పొట్ట మీద పెట్టి చూశాను. ప్లీహం చుట్టూ నల్లగా నీడ. అది రక్తం. బీపీ దిగడం మొదలైంది. ఎర్రయ్యను పక్కకు పిలిచి తెర మీద ఆ నీడ చూపించి, ఇంటికి తీసుకెళ్తే ఆమె బతకదని ఉన్నమాట చెప్పాను. అతను పెద్దాయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"సంతకం నానెట్టను మావా. మడిసి పోతే ఎవులు తెత్తారు?"

రెండు చేతులకూ సెలైన్లు ఎక్కించి, రక్తం సిద్ధంగా ఉంచమని శ్రీకాకుళం సర్జన్‌కు ఫోను చేసి, 108లో పంపాను. కేసు రాసి పోలీసులకు కబురూ చేశాను. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి ప్లీహం తీసేశారు. ఆమె బతికింది.

కృతజ్ఞత ఎవరూ ఆశించరు. కానీ డాక్టరమ్మ పోలీసు కేసు కోసం బాగున్న మనిషిని కోయించిందని పెద్దాయన మనుషులు ఊళ్లో ప్రచారం చేశారు. ఎర్రయ్యను బోటు మీంచి దించేశారు. తరువాత టీకాల కోసం వచ్చినప్పుడు నీలవేణే ఈ సంగతి చెప్పింది. ప్లీహం లేనివాళ్లకు జబ్బులు త్వరగా అంటుకుంటాయి, ఆ టీకాలు తప్పనిసరి. ఎర్రయ్య ఇప్పుడు బారువలో వేరే బోటు ఎక్కుతున్నాడని, ఊళ్లో కొందరు తమతో మాట్లాడటం మానేశారని చెప్పి చెయ్యి చాపింది. సూది వేయించుకుని వెళ్లింది.

ప్రమాదం జరిగిన చోట గట్టిగా అరిచేవాళ్లకు ఊపిరి ఆడుతోందని తెలుస్తూనే ఉంటుంది. మాట్లాడకుండా కూర్చున్నవాళ్లను ముందు చూడాలి. దెబ్బ లేని భుజంలో నొప్పి, తీరని దాహం, నిలబడితే కళ్లు తిరగడం, మూత్రంలో ఎరుపు, పెరుగుతూ పోయే తలనొప్పి, వాంతులు, మగత, మెడ నొప్పితో పాటు చేతుల్లో తిమ్మిరి: వీటిలో ఏది కనబడినా, అది మర్నాడు కనబడినా సరే, ఆసుపత్రికి రావాలి. అది గేసో కాదో తేల్చాల్సింది వైద్యులు. కారు యజమాని కాదు.