దిగే చోటు

క్యాంపస్ నుంచి తార్నాక వెళ్లే బస్సులో, మంచు దిబ్బ మీంచి స్కీ పలకలతో ఎగిరి దూకి కింద పడుతున్నవాళ్ల వీడియో చూసి నవ్వుతున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ ఊరుకోలేదు.

“ఏంది నవ్వుతున్నవ్? దిగే జాగ చదునుగ కట్టిండ్రు. అందుకే నడుములు విరుగుతున్నయి.”

ఒళ్లోని ఫైలును ఏటవాలుగా పట్టి, దాని మీదికి జామకాయ వదిలింది. అది మెత్తగా జారింది.

“దిగేకాడ ఇట్ల వాలు ఉంటే దెబ్బ తగ్గుతది. క్యాంపస్‌ల ఫిజిక్స్ చెప్పేదాన్ని, గా దిబ్బలు కట్టేటోళ్లకు లెక్కలు చేసి పంపిన. కంటితో చూసి కడ్తం, లెక్కలెందుకన్నరు. దూకేటోళ్లతోని మాత్రం, పడితే తప్పు మాదేనని ముందే సంతకం పెట్టించుకుంటరు.”

తార్నాకలో డ్రైవర్ ఎప్పటిలాగే తలుపు సరిగ్గా గుంత ముందుకు వచ్చేలా ఆపాడు. ఆవిడ మెట్టు మీదే నిలబడింది.

“గీడ ఎట్ల దిగాలె? ముందుకు పోనియ్.”

రోజూ నోరు మూసుకుని ఆ గుంతలోకి దూకే నేను, ఆమె వెనకే నిలబడి, “పోనియ్ అన్నా” అన్నాను.