నా గొంతు కోసం ఒక ఉపవాసం

శనివారం సాయంత్రాలు న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊళ్లో ఒక ఆంటీగారింట్లో మా తెలుగువాళ్ల ప్రార్థన కూడిక జరుగుతుంది. పాటలయ్యాక గుండ్రంగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. డైరీలో దేవుడికి పేజీలకు పేజీలు రాసుకునే నాకు పదిమంది ముందు నోరు పెగలదు. ఇక్కడ జూలై అంటే చలికాలం, ఆ చలి మంచి సాకు ఇచ్చింది. నా వంతు రాగానే గొంతు పట్టుకుని నొప్పి అన్నట్టు సైగ చేశాను. పక్కనున్న అంకుల్, అంటే ఆంటీ వాళ్లాయన, అందుకుని ప్రార్థించేశారు. హాయిగా అనిపించింది. పై వారమూ అదే చేశాను.

మూడో వారానికి ఆంటీ ఫ్లాస్కు నిండా మిరియాల పాలు కాచి ఉంచారు. ప్రార్థన అవసరతల జాబితాలో ఒకరి వీసాకూ, ఇంకొకరి మోకాలి ఆపరేషన్‌కూ మధ్య నా గొంతు చేరింది.

నాలుగో వారం పాలగ్లాసు చేతికిస్తూ, "నీ గొంతు కోసం ఇవాళ ఉపవాసం ఉన్నానమ్మా. పొద్దుట్నుంచీ మంచినీళ్లే," అన్నారు. ఆవిడకు అరవై దాటాయి. ఆ పాలు నాకు మింగుడు పడలేదు.

పాటలు సాగుతున్నంతసేపూ తలుపు వైపే చూశాను. వెల్లింగ్టన్ రైలు దొరుకుతుంది, వెళ్లిపోవచ్చు. వెళ్తే ఆవిడ వచ్చే వారమూ పస్తుంటారు.

నా వంతు వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ప్రభువా, నాకు గొంతు నొప్పి లేదు. మొదట్నుంచీ లేదు. పైకి ప్రార్థన చేయాలంటే భయమేసి అబద్ధమాడాను. నన్ను క్షమించు. ఆంటీకి తొందరగా అన్నం పెట్టించు. ఆమెన్."

ముందుగా అంకుల్ గొంతు వినిపించింది. "ఆమెన్. ఆ చివరి మాటకి ఇంకో ఆమెన్."

గది గదంతా నవ్వింది. నా చేతి మీద ఆంటీ చెయ్యి పడింది.

"దొంగపిల్లా, రెండు వారాలు మిరియాలు దంచించావు కదే."

"సారీ ఆంటీ."

"దేవుడికి చెప్పావుగా, చాల్లే. అయినా నా ఉపవాసం ఊరికే పోలేదు. గొంతు వచ్చిందా లేదా? వచ్చే వారం ముగింపు ప్రార్థన నీదే."

పశ్చాత్తాపమంటే తల దించుకుని ఏడవడమేనని చిన్నప్పటి నుంచీ నా ఊహ. అందులో ఇంత నవ్వు ఉంటుందని, ఆ తర్వాత ఇంత ఆకలేస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఆ పూట కూడిక అయ్యాక భోజనాల్లో ఆంటీకి మొదటి ప్లేటు నేనే వడ్డించాను. ఆవిడ రెండోసారి అన్నం అడిగేదాకా గరిటె పట్టుకుని పక్కనే నిలబడ్డాను.