ఇరవై ఒకటో పత్రి

మీతో చెప్పడానికి కారణం ఒకటే, మీరు సునీతక్కని ఎరగరు. ఎరిగిన వాళ్ళకి చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్ళుగా లేదు. ఆవిడ మా ఇంటి బెల్లు కొడితే ఇప్పటికీ తలుపు తీయడానికి వెనకాడతాను. అడగడానికే వచ్చిందేమో. ఇవాళే అడుగుతుందేమో. ఆవిడ కేకు డబ్బా చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. నేను తలుపు వేసుకుని, అంత మెత్తగా ఎందుకు నవ్విందా అని సాయంత్రం దాకా తవ్వుకుంటూ కూర్చుంటాను.

జర్మనీలో మేముండే వోల్ఫ్స్‌బర్గ్‌కి కొంచెం దూరంలో ఒక పాత బంగళా ఉంది. ఎవరో జమీందారు ఇంగ్లండు చూసొచ్చి, అక్కడి పల్లెల్లో దొరలు ఉండేటువంటి ఇల్లే కావాలని కట్టించుకున్నాడట. చుట్టూ పచ్చిక, చెరువు, పెద్ద తోట. సునీతక్క అప్పట్లో అక్కడ శనివారాలు గైడు. తెనాలి నుంచి భర్త వెంట వచ్చి, పిల్లల్ని కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, దింపి జర్మన్ క్లాసులకి పరిగెత్తి, పరీక్ష తప్పి మళ్ళీ రాసి తెచ్చుకున్న పని. ఈ దేశంలో ఆవిడకంటూ దొరికిన మొదటి ఉద్యోగం. మన వాళ్ళకి ఆ ఇల్లు చూపించాలని ఎంత సరదానో. నేనే నా పేరు మీద టూరు బుక్ చేశాను. నాలుగు కుటుంబాలం వెళ్ళాం.

అది వినాయక చవితికి ముందు శనివారం. మెట్ల పక్కన పెద్ద చెక్క తొట్లలో దానిమ్మ చెట్లున్నాయి. చలికాలం అద్దాల గదిలోకి మోసుకుపోతారట. ఈ ఇంటికంటే ముసలివని అక్క చెప్పింది. ఒక ఆకు పట్టుకుని, మా నాయనమ్మ దొడ్లోనూ ఉండేదంటూ మురిసిపోయింది. అందరూ లోపలికి వెళ్ళారు. నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు వెనక ఆగాను.

పూజకి ఇరవై ఒక్క పత్రి కావాలి కదా. కొన్ని ఇక్కడే ఏరుకున్నాను, కొన్ని ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత ఎండువి తెప్పించాను. దానిమ్మ ఒక్కటే తక్కువ. లేని పత్రికి అక్షింతలు వేస్తే చాలని నాకు తెలీదా? తెలుసు. కానీ ముందు ఏడాది ఒకావిడ అన్ని పత్రులూ పరిచి మా తెలుగు గ్రూపులో ఫొటో పెట్టి అందరిచేతా పొగిడించుకుంది. నాకు ఒళ్ళు మండింది. అంతే. భక్తి అని మీ దగ్గర బుకాయించను. ఒక రెమ్మ చాలనుకుని లాగాను, పెద్ద కొమ్మే చీలి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుని ఏమీ ఎరగనట్టు లోపలికి నడిచాను.

చవితి పొద్దున గ్రూపులో ఫొటో పెట్టాను. మధ్యాహ్నం బంగళా మేనేజరు ఫోన్ చేసింది. పాత చెట్టుని ఎవరో చీల్చేశారట, తొట్టి దగ్గర ఎవరైనా ఆగారా అంది.

"సునీత ఆకులు పట్టుకుని చూసింది," అన్నాను.

"ఇంకెవరైనా?"

"నేను చూడలేదు."

మొదటి మాట నిజమే. ఆ నిజాన్ని ఎంత వాటంగా వాడుకున్నానో చూడండి. ఫోన్ పెట్టేసి ఫొటో తీసేశాను. మెసేజ్ తొలగించారన్న మాట మాత్రం గ్రూపులో మిగిలింది. అక్క చర్చికి వెళ్ళే మనిషి, చవితి చేసుకోదు, అయినా ఆ గ్రూపులో ఉంది. ఫొటో చూసిందా? చూసినా అందులో దానిమ్మ ఆకు పోల్చుకుందా?

ఆవిణ్ణి ఇక రావద్దన్నారు. మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. తననెందుకు అనుమానించారో తెలియట్లేదంది. టీ పెట్టి ఇచ్చాను. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ అడక్కపోవడమే నన్ను తినేస్తోంది. తెలిసే ఊరుకుందా? ఒకసారి ఇండియన్ షాపులో దానిమ్మకాయ నా చేతిలో పెట్టి, తీసుకో, తాజాగా ఉన్నాయంది. ఎందుకంది? అంతమంది ఉంటే నాకే ఎందుకు ఇచ్చింది? ఆవిడ మంచితనం మీద కూడా నిఘా పెట్టేదాన్నైపోయాను. నా మీద నాకే రోత.

మొన్న వచ్చింది. బంగళాలో మళ్ళీ గైడులు కావాలట, మేనేజరు కూడా మారిందట, అప్లై చేయనా అని అడిగింది. కళ్ళల్లో ఎంత ఆశో. పాత ఫైల్లో నా పేరుంటుంది, ఎవరైనా తీసి చదివితే? ఎందుకక్కా మళ్ళీ ఆ గొడవ అన్నాను. సరేలే అని ఫోన్ పర్సులో పెట్టుకుంది.

చెట్టు చీల్చింది నేను. ఆవిడ పేరు చెప్పింది నేను. మొన్న ఆపిందీ నేనే. ఈ మూడు మాటలూ ఒకచోట రాసేసరికి, చాలా కాలం తర్వాత ఊపిరి సరిగ్గా ఆడుతోంది. అప్లికేషన్‌కి శుక్రవారం దాకా గడువుంది. నేనింకా ఆవిడకి ఫోన్ చేయలేదు.