ఉప్పు తగలని ట్రక్కు

ఆ శనివారం మధ్యాహ్నం రాచెస్టర్‌లో డాక్టర్ అంకుల్ ఇంటి ముందు ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, నా భార్య, అంకుల్. ఉన్న వస్తువులు: డల్లాస్ నుంచి నడుపుకొచ్చిన నా పికప్ ట్రక్కు, దాని ముందు చక్రాలు ఎక్కించడానికి రెండు ఇనుప ర్యాంపులు, నేల మీద పరిచిన పాత దుప్పటి, పొడుగాటి గొట్టం తగిలించిన స్ప్రే గన్, గొర్రె ఉన్నిలోంచి తీసే జిడ్డుతో చేసిన తుప్పు మందు డబ్బాలు, ఫ్లాస్కు నిండా టీ. ఇంకా మంచు పడలేదు. 2007 నవంబరు.

అంకుల్ గుండె డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మేము ఆ ఊరు వచ్చిన వారానికే గుళ్లో భోజనాల దగ్గర పరిచయమయ్యారు. నా ట్రక్కు మంచు ఎరగని టెక్సాస్‌ది అని తెలియగానే నన్ను తన పాత కారు దగ్గరికి తీసుకెళ్లి, తలుపు కింద అంచు మీద స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కారు. అది బిస్కట్‌లోకి దిగినట్టు లోపలికి పోయింది.

"మంచు కరగాలని వీళ్లు రోడ్డంతా ఉప్పు చల్లుతారోయ్. నా పేషెంట్లకి ఉప్పు మానండి, ఉప్పు మానండి అని ముప్పై ఏళ్లు చెప్పాను. దీనికి చెప్పలేకపోయాను" అన్నారు.

ఇంజనీరింగ్‌లో నేను చదివింది మెటలర్జీ. ఉప్పు నీరు ఇనుముని ఏం చేస్తుందో పరీక్షల్లో రాసినవాణ్ణి, పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుని. అయినా ఆ స్క్రూడ్రైవర్ దిగడం చూసేదాకా అది నా ట్రక్కుకి సంబంధించిన విషయం అనుకోలేదు. ఆ ట్రక్కు నా జీవితంలో నేను కొత్తగా కొనుక్కున్న మొదటి వస్తువు. అంతకు ముందు నావన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే.

రెండు గంటలు ట్రక్కు కింద పడుకుని ఫ్రేమ్ లోపలి బోలు భాగాలకి, బ్రేకు పైపులకి, తలుపుల లోపలి అడుగుకి మందు కొట్టాను. బయటికి వచ్చేసరికి జుట్టునిండా జిడ్డు. నా భార్య టీ కప్పు అందించబోయి వెనక్కి తీసుకుంది.

"గొర్రెల మందలో పడుకుని లేచొచ్చినట్టున్నారు. ముందు స్నానం చేసి రండి."

అంకుల్ నవ్వారు. నేనూ నవ్వాను.

మందుతో ఆగి ఉంటే బాగుండేది. నేను పద్ధతులు పెట్టాను. రోడ్డు తడిగా ఉన్న రోజు ట్రక్కు తీయకూడదు. తీయక తప్పకపోతే అదే రోజు అడుగుభాగం కడిగించాలి. కడిగించాక వెచ్చటి గరాజ్‌లో పెట్టకూడదు, వెచ్చదనంలో తుప్పు త్వరగా పడుతుంది. అంకుల్ తన గరాజ్‌లో సగం ఇస్తానంటే ఈ కారణం చెప్పే వద్దన్నాను. ఆఫీసుకి మా సెక్షన్‌లో పనిచేసే ఒకతని కారులో వెళ్లడం మొదలుపెట్టాను. అతని కారు ఎలా పోయినా నాకు దిగులు లేదు.

బూట్ల పద్ధతి కూడా నాదే. కాలిబాటల మీద కూడా ఉప్పు చల్లుతారు. అది బూట్లకి అంటుకుని లోపలికొచ్చి, కార్పెట్ కింద చేరి, నేలరేకుని పైనుంచి తింటుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. ట్రక్కుకి గుమ్మం ఎక్కడుందో నేను నిర్ణయించాను. సీటు మీద పక్కకి తిరిగి కూర్చోవాలి, బూట్లు విప్పాలి, రెండూ ఒకదానికొకటి కొట్టి దులపాలి, వెనక సీటు దగ్గర పెట్టిన ప్లాస్టిక్ తొట్టిలో వేయాలి, అప్పుడు కాళ్లు లోపలికి తీసుకోవాలి. ఒకరోజు అంకుల్‌ని ఎక్కించుకోవాల్సి వచ్చింది. డెబ్బై దాటిన ఆయన తలుపు పట్టుకుని ఒంగి లేసులు విప్పారు.

"దేవుడి గదిలోకి వెళ్తున్నట్టుందోయ్. కొబ్బరికాయ ఏమైనా కొట్టాలా?"

దాన్నీ మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

నా భార్య అమెరికా వచ్చి అప్పటికి అయిదు నెలలు. ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. మైక్రోబయాలజీ చదివింది. ఊరికి అవతలి వైపు ఉన్న కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్ పనికి సంబంధించిన సాయంత్రం కోర్సు ఒకటి తనే వెతికి, తనే దరఖాస్తు చేసి, సీటు తెచ్చుకుంది. జనవరి ఆఖరి వారంలో క్లాసులు. వెళ్లడానికి బస్సు ఉంది, తిరిగి రావడానికి లేదు. క్లాసు ముగిసే వేళకి ఆ వైపు బస్సులు ఆగిపోతాయి. నాది రెండో షిఫ్టు, రాత్రి పదిన్నర దాకా ఫ్యాక్టరీలోనే. ట్రక్కు మాత్రం రోజంతా ఇంటి ముందే ఖాళీగా ఉంటుంది. కాబట్టి ఆమెకి లైసెన్స్ వస్తే సీటు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. లర్నర్స్ పర్మిట్ తీసుకుంది, టెస్ట్‌కి ముందు తప్పనిసరిగా వినాల్సిన అయిదు గంటలసేపు సాగే క్లాసుకి వెళ్లొచ్చింది. క్లాసులు మొదలయ్యే ముందు వారంలో రోడ్ టెస్ట్‌కి తేదీ దొరికింది. నేర్పించాల్సింది నేను.

రోడ్లు పొడిగా ఉన్న రోజుల్లో మాత్రమే నేర్పాను. ఆ డిసెంబరులో అలాంటి రోజులు ఎన్ని ఉంటాయో ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు. ఆమె పొద్దున్నే లేచి కిటికీ తెర తీసి రోడ్డు చూసేది, తర్వాత నా మొహం చూసేది. నేను తల అడ్డంగా ఊపితే వంటింట్లోకి వెళ్లిపోయేది.

పొడి రోజుల్లో కూడా ఎక్కడో ఒకచోట తడి ఉంటుంది. పక్క సీట్లో కూర్చుని నేను చెప్పినవి ఇవి. నీటి గుంట కనిపిస్తే ఎడమకి, అంటే రోడ్డు మధ్యవైపుకి, జరుగు. రోడ్డు అంచుకి దగ్గరగా వెళ్లకు, మంచు తోసే బండి ఉప్పు బురదంతా అక్కడికే తోస్తుంది. ఉప్పు లారీ ముందు కనిపిస్తే బాగా నెమ్మదించి దూరం పెంచు. కుడివైపు తిరిగేటప్పుడు మూల మీదికి వెళ్లకు, వెడల్పుగా తిరుగు. ఆమె తెలివైనది, ఒకసారి చెబితే పట్టుకుంటుంది. ఒక్కసారి మాత్రం, సూపర్ మార్కెట్ వెనక సందులో, బ్రేకు వేసి ఆపి అడిగింది.

"రోడ్డు చూడమంటారా, రోడ్డు మీద తడి చూడమంటారా?"

"రెండూ" అన్నాను.

టెస్ట్‌కి ముందు రోజు అంకుల్ ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టాను.

"అమ్మాయ్, రేపు నా కారు తీసుకెళ్లు. చిన్నది, పార్కింగ్‌కి సుఖం. అందులో ఇంక పోయే భాగం ఏమీ లేదు. ఎక్కడైనా గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్లు నాకు కొత్తది ఇస్తారు."

ఆమె నోరు తెరిచేలోగా నేనే జవాబు చెప్పాను. తనకి ట్రక్కే అలవాటు, పద్ధతులన్నీ దాని మీదే నేర్చుకుంది, ఇప్పుడు మారిస్తే తడబడుతుంది అన్నాను. ఆమె ఫోన్ వైపు ఒంగి, థాంక్స్ అంకుల్ అంది.

ఆ రాత్రి మంచు పడింది. తెల్లారేసరికి రోడ్లన్నీ తోసి, ఉప్పు చల్లి పెట్టారు. నల్లటి తారు మీద తెల్లటి చారలు, మధ్యలో బూడిదరంగు నీళ్లు. కిటికీ దగ్గర నిలబడి ఏం ఆలోచించానో నాకు బాగా గుర్తుంది. వాయిదా వేస్తే మళ్లీ తేదీ ఎప్పుడు దొరుకుతుందా అని కాదు. ఇవాళ కడిగించడానికి షిఫ్టుకి ముందు టైమ్ సరిపోతుందా అని. ఆమె కోటు గుండీలన్నీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వాయిదా వేద్దామా?" అన్నాను.

"క్లాసులు కూడా వాయిదా వేస్తారా?"

బయల్దేరాం.

టెస్ట్ జరిగేది ఇళ్ల మధ్య ఒక వీధిలో. అంచు వెంట కార్లు వరసగా ఆగి ఉన్నాయి, ఒక్కో కారులో నేర్చుకునేవాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు. మా వంతు వచ్చింది. నేను దిగి కాలిబాట మీదికి వెళ్లాను. ఆమె బూట్లు వేసుకుని దిగి, అవతలి వైపుకి వెళ్లి, డ్రైవర్ సీటు మీద పక్కకి తిరిగి కూర్చుని, బూట్లు విప్పి, రెండూ కొట్టి దులిపి, తొట్టిలో వేసి, బండిలోనే ఉంచే కాన్వాస్ షూస్ తొడుక్కుంది. వెనక కారులో ఉన్న తండ్రీ కొడుకులు మెడలు చాచి చూశారు. ఎగ్జామినర్, లావుపాటి కోటు వేసుకున్న నడివయసు మనిషి, చేతిలో ప్యాడ్ పట్టుకుని అంతసేపూ చలిలో నిలబడి చూసింది. తర్వాత ఇవతలి తలుపు తీసి, మంచు అంటిన బూటు లోపల పెట్టింది.

నా భార్య చూపు ఆ బూటు మీదికి వెళ్లింది. చెయ్యి కూడా లేచి తొట్టి వైపు చూపించింది.

"మేడమ్, షూస్..."

ఎగ్జామినర్ కిందికి చూసుకుని, నా షూస్‌కి ఏమైంది అని ఇంగ్లిష్‌లో అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలియక. నా భార్య తెరిచిన తలుపులోంచి నా వైపు చూసింది. నేను తల ఊపి, పరవాలేదు అని సైగ చేస్తే సరిపోయేది. నేను పక్కకి తిరిగి వీధి చివర ఉన్న చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను, ఆ ట్రక్కుతో, అందులో ఉన్నవాళ్లతో నాకేమీ సంబంధం లేనట్టు. లోపల ఆమె "నథింగ్" అనడం వినిపించింది. తలుపు పడింది.

ట్రక్కు కదిలింది. వీధిలో కొంత దూరాన నీటి గుంట ఉంది. దాని దగ్గరికి రాగానే ట్రక్కు మెత్తగా ఎడమకి జరిగి, చుక్క నీరు ఎగరకుండా దాటి, మళ్లీ కుడికి జరిగింది. నాకు సంతోషం వేసింది. ఎంత చక్కగా తప్పించింది అనుకున్నాను. రెండో గుంట దగ్గర ఇంకా ఎక్కువ జరిగింది, దాదాపు రోడ్డు మధ్యకి. అప్పుడు కాలిబాట మీద రెండడుగులు ముందుకి వేశాను. మూల దగ్గర కుడికి వెడల్పుగా తిరిగి కనపడకుండా పోయింది.

తిరిగి వచ్చి పార్కింగ్ చేయమన్నప్పుడు చూశాను. రెండు కార్ల మధ్య వెనక్కి తీసింది, చక్రాలు సరిగ్గా తిప్పింది, చాలా నెమ్మదిగా, ఎక్కడా తగలకుండా. ఆపింది. ట్రక్కుకి, రోడ్డు అంచుకి మధ్య బురద కుప్ప ఉంది. ఆ కుప్పకి అవతల ట్రక్కు. మధ్యలోంచి ఒక మనిషి హాయిగా నడిచి వెళ్లొచ్చు.

ఎగ్జామినర్ దిగి, కాగితం ఆమె చేతికిచ్చి, నా దగ్గర ఆగింది. బండి మీద పట్టు బాగుంది, సమయం తీసుకుని మళ్లీ రండి అంది. ఆ మాటతో వెళ్లిపోకుండా, ఆమె రోడ్డు మీద దేన్ని చూసి తప్పుకుంటోందో నాకు అర్థం కాలేదు అని కూడా అంది. నాకు అర్థమైంది. థాంక్స్ అన్నాను.

నా భార్య డ్రైవర్ వైపు దిగి, బూట్లు వేసుకుని, ఇవతలి వైపుకి నడిచి వచ్చింది. ఏడవలేదు. కోపంగా కూడా లేదు. కోపం వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మీరు చెప్పినట్టే నడిపాను" అంది.

అంతే. సీటు మీద పక్కకి తిరిగి కూర్చుంది. బూట్లు విప్పింది. రెండూ కొట్టి దులిపింది. వద్దు, అలాగే ఎక్కు అనాలని నోటిదాకా వచ్చింది. ఇప్పుడంటే అది ఇంకా నీచంగా ఉంటుందనిపించి ఊరుకున్నాను. నేను డ్రైవర్ సీట్లోకి ఎక్కేసరికి ఆమె వైపు మ్యాట్ మీద ఎగ్జామినర్ బూట్ల అచ్చులు కరిగి నీళ్లయి ఉన్నాయి. నా చెయ్యి అలవాటుగా తలుపు జేబులో ఉన్న గుడ్డ మీదికి వెళ్లింది. అక్కడే ఆపాను. ఆపేలోగా ఆమె చూసింది. మోకాళ్లు దగ్గరికి తీసుకుని, నేను తుడుచుకోవడానికి వీలుగా, సాక్సుల కాళ్లు రెండూ సీటు మీదికి ఎత్తి పెట్టుకుంది.

ఆ భంగిమలోనే కాలేజీకి ఫోన్ చేసింది. లైసెన్స్ రాలేదని చెప్పలేదు. ఈ సెమిస్టర్ వీలు కావడం లేదు, సీటు ఇంకెవరికైనా ఇవ్వండి అని స్పష్టమైన ఇంగ్లిష్‌లో చెప్పి, అవతలి వాళ్లు ఏదో అంటే ఇట్స్ ఓకే అని పెట్టేసింది.

కాగితం మా మధ్య సీటు మీద ఉంది. నేను తీసి చదివాను. తప్పులకి ఎదురుగా టిక్కులు ఉన్నాయి. కుడి పక్కన ఉండకపోవడం. కుడి మలుపు మరీ వెడల్పుగా తిరగడం. కారణం లేకుండా వేగం తగ్గించడం. రోడ్డు అంచుకి ఎక్కువ దూరంలో పార్క్ చేయడం. చూపు రోడ్డు మీద లేకపోవడం. ప్రతి టిక్కు దగ్గరా నా గొంతు నాకే వినపడింది. తప్పుల పాయింట్లు ముప్పై దాటితే ఫెయిల్. ఆమెకి నలభై వచ్చాయి.