నా కూతురి పేరు రాసిన గడి

నిన్న మా వీధిలో ఒక అమ్మాయి పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబులు వచ్చి మా గేటు దగ్గర నిలబడేసరికి, అయిదేళ్ల కిందట మా మనవరాలి కోసం వచ్చిన ఇంకో కానిస్టేబులు గుర్తుకొచ్చాడు.

నేను నరసరావుపేట రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు దస్తావేజుల నకళ్లు రాసిన మనిషిని. మా పెద్దవాడి కూతురికి రక్షణ శాఖ ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది, కానీ పూర్వాపరాల విచారణలో నెగ్గితేనే చేరనిస్తారు. వాళ్లు పంపిన ఫారంలో విదేశాల్లో ఉన్న దగ్గరి బంధువులను రాయమని ఒక గడి ఉంది. క్వారీ లారీలు తిప్పే మా వాడు తల ఎత్తకుండానే, లేరని రాయమన్నాడు.

వాడికి చెల్లెలుంది. నర్సుగా పరాయి దేశం వెళ్లి, అక్కడి మనిషినే పెళ్లాడి, అక్కడి పౌరసత్వం తీసుకుంది. పెళ్లి కబురు తెలిసిన రోజే వాడు తలస్నానం చేసి ఆమెకు నీళ్లు వదిలేశాడు. మన ఈడు వాళ్లకు తెలుసు, అలా వదిలాక మనిషి లేనట్టే. అందుకే వాడు అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకోలేదు. దాచినట్టు తేలితే అనర్హులని ఫారం మొదట్లోనే ఉంటే, ఆ వాక్యం మనవరాలి చేత పైకి చదివించాను.

"ఏందమ్మా, నీళ్లొదిలిన దాన్ని తెచ్చి కాగితంలో కూర్చోబెడతావా? ఫారిన్ చుట్టరికం చూస్తే పిల్లని రానిస్తారా?" అన్నాడు మా వాడు నాతో.

"నీళ్లొదిలింది నువ్వురా, పోలీసోళ్లు కాదు."

కూతురి పేరు, అల్లుడి పేరు, దేశం విడిచిన తేదీ, పౌరసత్వం మారిన తేదీ నేను చెబుతుంటే మనవరాలు రాసింది. నెలకు రెండు ఆదివారాలు పక్కింటి వదిన దగ్గరికి వెళ్లి ఎవరితో ఫోనులో మాట్లాడుతున్నానో ఆ క్షణాన మా వాడికి అర్థమై ముఖం తిప్పుకున్నాడు.

ఆ తరువాత కానిస్టేబులు వచ్చాడు. "మామ్మా, మీ అమ్మాయికి రెండు దేశాల పౌరసత్వం ఉందంట గదా?"

"వీధిలో చెప్పారా? మన చట్టం రెండు ఒప్పుకోదు నాయనా. అక్కడిది తీసుకుని ఇక్కడి పాస్‌పోర్టు అప్పజెప్పింది. దాని దగ్గరున్నది వచ్చిపోయేందుకు ఇచ్చే కార్డు, దాంతో ఓటు కూడా రాదు. రాసుకో."

తేదీలతో సహా రాసుకున్నాడు. పై అధికారులు మనవరాలిని పిలిపించి, ఆ అత్తతో రాకపోకలేమిటని రెండు గంటలు అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఏడు నెలలు ఏ కబురూ లేదు. నీ సత్యం పిల్ల నోటికాడ కూడు లాగేసిందని మా వాడు రోజూ పొడిచేవాడు. ఎనిమిదో నెల రెండో తారీకున, గురువారం, చేరమని ఉత్తర్వు వచ్చింది! వాడు దాన్ని రెండుసార్లు చదివి, నా దగ్గర నంబరు అడిగి, పదహారేళ్ల తరువాత చెల్లెలికి తానే ఫోను చేశాడు.

"ఏమే, మన పిల్లకి వచ్చిందే" అన్నాడు. ఆ పైన ఫోను నా చేతిలో పెట్టాడు.

గెలిచాననే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. అయితే కులం కాని వాణ్ని చేసుకుందని మా చిన్న మేనత్తకు కూడా మా ఇంట్లో ఇలాగే నీళ్లు వదిలారు. ఆమె ఏ ఊళ్లో బతికిందో, ఎప్పుడు పోయిందో రాయమని ఆ రోజుల్లో ఏ కాగితమూ మమ్మల్ని అడగలేదు.