పేరు పెట్టి పిలవకూడని స్నేహితుడు

బడిలో హాజరు పిలిచి పిలిచి రిటైరైన నేను, తొంభైల్లో ఓసారి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండే మా చెల్లెలింటికి వెళ్ళాను. పక్కింటి ఛత్తీస్‌గఢీ పెద్దాయనతో రోజూ చదరంగం ఆడేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన పూరీ జగన్నాథుడి ప్రసాదం నా నోట్లో పెట్టి, నాచేత తన నోట్లో పెట్టించుకున్నాడు.

"అచ్ఛా! ఇక్కడి ఆచారం ప్రకారం ఇక మీరిద్దరూ మహాప్రసాద్‌లు అన్నయ్యా. అంటే ప్రాణస్నేహితులు. ఇకమీద ఆయన్ని పేరెట్టి పిలవకూడదు" అంది చెల్లెలు.

"మరేమని పిలవాలి?"

"మహాప్రసాద్ అనే!"

నేను తిరిగి వచ్చే రోజు ఆయన స్టేషన్‌కు వచ్చి, నా సీసాలో నీళ్ళు పట్టడానికి వెళ్ళాడు. ఇంతలో రైలు కూత వేసింది. "మహాప్రసాద్! మహాప్రసాద్!" అని కిటికీలోంచి అరిచాను.

ఎదుటి సీట్లోని విజయనగరం ఆవిడ భక్తిగా చెయ్యి చాపింది. ఆమె పక్కనున్న మరో ఇద్దరూ చాపారు.

ఆయన పరుగెత్తుకొచ్చి సీసా అందించాడు. చాపిన చేతులు చూసి, నాకోసం తెచ్చిన దూద్‌పేడాలు వాటిలో పెట్టేశాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని తిన్నారు.

రైలు కదిలాక సంగతి చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇంతకీ ఆయన పేరేటండీ, మాస్టారూ?"

నోటిదాకా వచ్చిన పేరును మింగేశాను. ఇక్కడా రాయలేదు, చూశారా?